పసుపు నీళ్ళ ధైర్యం

మా అక్క రాజమండ్రి మార్కెట్లో చేపలు కోస్తుంది. పొద్దున్నుంచీ కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని చేసే పని. మోకాళ్ళ నొప్పులకి ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగింది. పోయిన వేసవిలో కాళ్ళు వాచాయి. రక్తపరీక్ష చూసిన డాక్టరుగారు, ఆ బిళ్ళల వల్లే కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, మానకపోతే డయాలసిస్ దాకా పోతుందనీ చెప్పారు.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాతి చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. వారం రోజులు అక్కడ కూర్చుని ఆరోగ్య పత్రికలన్నీ తిరగేశాను. పసుపు, ఉసిరి లాంటివాటిలోని యాంటీ ఆక్సిడెంట్లు మందుల వల్ల కిడ్నీలకు తగిలే దెబ్బను తగ్గించాయని ఒక వ్యాసంలో ఉంది. ఎలుకల మీద చేసిన పరీక్ష అది. చదివినదంతా అక్కకి చెప్పాను. ఎలుకల సంగతి మాత్రం చెప్పలేదు. నవ్వుతుందనిపించింది.

మర్నాటి నుంచి అక్క రోజూ వేడినీళ్ళలో పసుపు కలుపుకుని తాగింది. రెండు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే, కిడ్నీలు దెబ్బతినేకొద్దీ పెరిగే క్రియాటినిన్ ఇంకా పెరిగింది.

ముందు పసుపును అనుమానించాను. రంగు కలిపారేమోనని కొమ్ములు తెచ్చి నేనే దంచాను. తర్వాత ల్యాబును అనుమానించాను. చివరికి అక్క మోకాళ్ళను. బిళ్ళలు మానేశానని చెప్పిన మనిషి, చెయ్యి ఆనించకుండా ఎలా లేస్తోంది?

"నొప్పి లేదా అక్కా?"

"ఉంటే బాగుణ్ణన్నట్టు అడుగుతావేంటే."

అక్క స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఆకువక్కల సంచి విప్పాను. తమలపాకుల కింద బిళ్ళల అట్ట ఉంది. అక్క తడిజుట్టుతో వచ్చి నా చేతిలో దాన్ని చూసింది. బుకాయించలేదు.

"బిళ్ళ చేసే చెరుపుని పసుపు ఆపుద్దని నువ్వే కదే చెప్పావు. ముందు పసుపు నీళ్ళు, ఆ మీదట బిళ్ళ. మిగిలిన చేపకి ఉప్పూ పసుపూ పట్టిస్తే సాయంత్రం దాకా పాడవదు గదా. లోపల కూడా అంతే."

"అది ఎలుకల మీద చూశారక్కా."

"ఆ ముక్క ఇప్పుడా చెప్పడం?"

మళ్ళీ గ్రంథాలయానికి వెళ్ళి ఆ వ్యాసం తీశాను. మనుషుల్లో ఇంకా రుజువు కాలేదని, డాక్టరు వద్దన్న మందుకు ఇది విరుగుడు కాదని చివరి పేరాలో ఉంది. మొదటిసారి అక్కడిదాకా చదవలేదో, చదివీ వదిలేశానో, నాకే ఖాయంగా తెలియదు.

డాక్టరుగారికి అన్నీ చెప్పించాను. ఆయన నొప్పికి వేరే వైద్యం రాసి, పసుపు నీళ్ళు కూడా ఆపమన్నారు. కింద కూర్చునే పని తగ్గించమన్నారు. మా వీధి మందుల కొట్టాయనకి రిపోర్టు చూపించి, అక్కకి ఆ బిళ్ళలు ఇవ్వొద్దని చెప్పాను.

"ఇవ్వనండి, నాకేంటండి" అన్నాడు.

మరీ తేలిగ్గా అన్నాడు. మార్కెట్ దారిలో ఇంకా రెండు కొట్లున్నాయి. మర్నాడు అక్క వెనకే బయల్దేరాను.

"నాకు కాపలాకా?" అంది.

"కాపలాకీ, కోతకీ. సగం చేపలు నేను కోస్తాను."

"కత్తిపీట పుస్తకం కాదే. వేలు తెగుద్ది."

ఆ రెండు కొట్లలోనూ రిపోర్టు చూపించాకే మార్కెట్లో అడుగుపెట్టాను. అక్క తన కత్తిపీట నా వైపు తిప్పింది.