మజ్జిగ ముంత మీద సింహం

నా చిన్నప్పుడు యుద్ధం మా వీధికి పట్టు కరువై వచ్చింది. తుపాకులూ విమానాలూ మేమెవ్వరం చూడలేదు. ధర్మవరంలో మాది నేతపని చేసే ఇల్లు. ఒక మగ్గం మీద మా నాయన, ఇంకో మగ్గం మీద మా చిన్నాయన నేసేవాళ్ళు. మైసూరు సీమ నుంచి హిందూపురం మీదుగా రావలసిన పట్టు నూలు మొదట తగ్గింది, తర్వాత బొత్తిగా ఆగిపోయింది. విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకు కావాలని ఆ పట్టంతా సర్కారే తీసుకుంటోందని నూలు తెచ్చే షావుకారు చెప్పాడు. మనుషులు ఆకాశంలోంచి ఎందుకు దూకుతారో నాకు అర్థం కాలేదు. మా అమ్మను అడిగితే ఆమెకూ తెలియలేదు.

చిన్నాయన మగ్గం ముందుగా ఆగింది. కొన్నాళ్ళకు నాయనదీ ఆగింది. వానలు కూడా మొహం చాటేసిన కాలమది. పొలం పనికి పోదామన్నా పిలిచేవాళ్ళు లేరు. రెండు పూటలా రాగిసంగటి తినే ఇంట్లో ఒక పూట గంజి మిగిలింది. అమ్మ తన వంతు గంజిలోంచి నాకు వంచుతుంటే చిన్నాయన చూసేవాడు, చూసి లేచి బయటికి పోయేవాడు. ఆయన అప్పటికి ఇరవై దాటిన మనిషి. బడిలో ఇంగ్లీషు కూడా కాస్త నేర్చాడు. పెనుకొండలో ఒక పిల్లను చూసి మాట అనుకున్నారు కూడా. పట్టు దొరికితే ఆ పిల్లకు పెళ్ళిచీర తానే నేస్తానని చెప్పుకునేవాడు.

మా గోడకు ఆనుకునే పక్కింటి అవ్వ ఇల్లు. సాయిబుల అవ్వ. మా మగ్గాలకు నూలు కండెలు చుట్టిపెట్టేది. మా పట్టు ఆగితే ఆమె పనీ ఆగింది. ఒక మేక ఉండేది, దాని పాలతోనే బతుకు. ఆమె మజ్జిగ ముంత మీద కంచు మూత ఒకటి ఉండేది. అరచేతికన్నా పెద్దది, గుండ్రటిది. దాని మీద త్రిశూలం పట్టుకున్న ఒక దొరసాని, ఆమె పక్కన సింహం. ఆ సింహాన్ని వేలితో తడమడం నాకు ఇష్టం. అదేమిటో మా అమ్మ ఒకసారి చెప్పింది. నేను పుట్టకముందు ఇంకో పెద్ద యుద్ధం జరిగిందట. దానికి పోయిన అవ్వ కొడుకు బస్రాలో చనిపోతే, అతని పేరు పోతపోసి సర్కారువాళ్ళు ఆ కంచు బిళ్ళను పంపారట. గోడకు తగిలిస్తే చూసినప్పుడల్లా ఏడుపొస్తోందని అవ్వ దాన్ని మూత చేసుకుంది.

హిందూపురంలో పటాలానికి మనుషులను తీసుకుంటున్నారన్న మాట మా వీధిలోకీ వచ్చింది. పోతానన్నాడు చిన్నాయన. నాయన వద్దనలేదు, పొమ్మనీ అనలేదు. ప్రయాణం నాటి ఉదయం అవ్వ నన్ను గోడ మీంచి పిలిచి, చిన్నాయనను తీసుకురమ్మంది. ఇద్దరం పోయి ఆమె అరుగు మీద కూర్చున్నాం.

“రైలుకు పోతాండావంట?” అని అడిగింది.

“ఔనవ్వా.”

“యాడికి పంపిస్తారో చెప్పినారా?”

“యాడికైతే ఏముందిలే. ఈడ ఉండి చేసేదేముండాది?”

అవ్వ ముంత మీది మూత తీసి, మా ఇద్దరికీ మజ్జిగ పోసింది. తర్వాత ఆ మూతను కొంగుతో తుడిచి చిన్నాయన చేతిలో పెట్టింది.

“దీని మీద ఏం రాసినారో చదువప్పా.”

“నీకు తెలిసిందే కదవ్వా.”

“తెలుసు. నీ నోట వినాలని ఉండాది.”

అక్షరాలు అంచు చుట్టూ ఉన్నాయి. చిన్నాయన బిళ్ళను మెల్లగా తిప్పుతూ చదివి, తెలుగులో చెప్పాడు. స్వాతంత్ర్యం కోసం, గౌరవం కోసం ఈ మనిషి ప్రాణం విడిచాడని ఉంది.

“ఎవురి స్వాతంత్ర్యమప్పా?” అంది అవ్వ. దారి తెలియక అడిగినట్టు మెత్తగా అడిగింది.

చిన్నాయన బిళ్ళను ఇంకోసారి తిప్పి చూశాడు. అవ్వే మళ్ళీ అంది. “బస్రా యాడుండాదో నాకు ఇప్పుడుగూడా తెలీదు. ఆ ఊరోళ్ళు మనకేం అన్యాయం చేసినారో నా బిడ్డకూ తెలీదు. స్వాతంత్ర్యమనే ఆ మాట కోసరం పోయినాడని కంచులో పోసి పంపినారు. మొన్న ఈ పాప బడి అయ్యవారు అదే మాట బజార్లో నిలబడి అంటే, చేతులు కట్టి బళ్ళారి జైలుకు తీసకపోయినారు. ఈ యుద్ధం పెట్టుకునేటప్పుడు మనల్ని ఎవరన్నా అడిగినారా?”

చిన్నాయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “అడగలేదవ్వా. ఆకలి గూడా నన్ను అడిగి రాలేదు. నువ్వు చెప్పేది నాకు తెలీక కాదు. ఈ పాప మొకం చూడు.”

అవ్వ నా మొహం చూసింది. ఆ తర్వాత ఆమె వాదించలేదు. ఆయన చేతిలోంచి బిళ్ళ తీసుకుని ముంత మీద పెట్టేసి, రెండు చేతులతో ఆయన తల నిమిరింది. “పోయిరా నాయనా” అంది. ఆయన అరుగు దిగి పోయేదాకా చూసి గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు లేచి రాబుద్ధి కాలేదు.

“అవ్వా, మా చిన్నాయన ఎవురితో కొట్లాడతాడు?” అని అడిగాను.

“ఊళ్ళ కోసరం ఇద్దరు దొరలు కొట్లాడుకుంటాండారు పాపా. ఆ ఊళ్ళు ఆయప్పవీ కావు, ఈయప్పవీ కావు.”

“మరి ఎవురివి?”

“ఆడ ఉండేటోళ్ళవి.”

నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. పెద్ద తరగతుల్లో చరిత్ర పాఠాలు చదువుకున్నాను, దేశాల పేర్లూ ఒప్పందాలూ కంఠతా పట్టాను. అవ్వ ఆ రోజు చెప్పినదానికన్నా ఎక్కువ వాటిలో నాకేమీ కనిపించలేదు.

చిన్నాయన ప్రతినెలా పంపినదానితో మా ఇంట్లో మళ్ళీ సంగటి ఉడికింది. మేం తిన్నాం. ఆయన బర్మా వైపు పోయాడని తెలిసింది. ఒక మధ్యాహ్నం తంతి వచ్చింది. చిన్నాయన ఇక లేడని పోస్టుమ్యాను చదివి చెప్పి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. సర్కారువాళ్ళు మనిషినైనా చూపించలేదు, మట్టి అయినా వేయనివ్వలేదు. పెనుకొండ నుంచి ఆ పిల్ల తండ్రి వచ్చి మా నాయన చేతులు పట్టుకున్నాడు, ఆ సాయంత్రమే తిరిగి రైలెక్కాడు.

నేను ముందే చెప్పాను కదా అని అవ్వ అనలేదు. వచ్చి మా అమ్మ పక్కన గోడకు చేరగిలబడి కూర్చుంది. తానే తమ్ముణ్ణి సాగనంపానని, ఒక్క మాట వద్దని ఉంటే ఆగేవాడని నాయన తల కొట్టుకుంటుంటే లేచి ఆయన చేయి పట్టుకుంది. “నువ్వు పంపలేదప్పా. నా బిడ్డను నేనూ పంపలేదు. పంపినోళ్ళకు మన మొకాలు గూడా తెలీవు” అంది. నాయన ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత యుద్ధం అయిపోయింది. బడిలో మమ్మల్ని వరసగా నిలబెట్టి, మనం గెలిచామని చెప్పి, కాగితం జెండా ఒకటి, లడ్డు ఒకటి చేతిలో పెట్టారు. అంత పెద్ద లడ్డు నేను అప్పటిదాకా చూడలేదు. తినకుండా ఇంటికి పరిగెత్తుకొచ్చి, గెలిచామంట నాయనా అన్నాను. ఆయన ఖాళీ మగ్గం దగ్గర దుమ్ము దులుపుతున్నాడు.

“ఏం గెలిచినామంట పాపా?” అని అడిగాడు. ఎగతాళి కాదు. నాకేమైనా చెప్పి ఉంటారేమోనని నిజంగానే అడిగాడు. నాకు తెలియదన్నాను. సగం లడ్డు విరిచి అవ్వ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె చేతిలో చాలాసేపు ఉంచుకుని నాకే తిరిగి ఇచ్చింది. పిల్లలు తినాల, తిను అంది. తిన్నాను. బాగుంది. ఆ తీపి బాగుండడం కూడా నాకు ఇప్పటికీ గుర్తే.

పట్టు మళ్ళీ వచ్చింది. నాయన నేశాడు. అయ్యవారు జైలు నుంచి వచ్చి పాఠాలు చెప్పాడు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. చిన్నాయన కాళ్ళు దింపుకుని నేసిన మగ్గం గుంటను మాత్రం మా అమ్మ మట్టితో పూడ్చి అలికేసింది.

ఇన్నేళ్ళలో పేపర్లో ఎన్నో యుద్ధాల సంగతులు చదివాను. ఏదో దేశం గెలిచిందని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది చదివినప్పుడల్లా ఆ దేశంలో ఏదో ఒక వీధిలో, అప్పటి నా అంత పిల్ల ఒకటి మిఠాయి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుందని, లోపల ఎవరికి పెట్టాలో దానికి తెలియడం లేదని అనిపిస్తుంది.