ఇస్త్రీ బల్ల దగ్గర ప్రార్థన

ఇస్త్రీ అవ్వకు భక్తి చచ్చిందట, మనవరాల్ని సండేస్కూలు మాన్పించి దేవుడికి దూరం చేస్తోందట. చర్చి మెట్ల మీద అందరూ చెప్పేవాళ్లే, ఆమెను అడిగినవాళ్లు లేరు. అవ్వ మాత్రం తడి వేలితో పెట్టె వేడి చూసి, చొక్కా మీద నీళ్లు చిలకరించి, పళ్లు బిగించి రుద్దుతుంది. మొన్న సండేస్కూలు టీచరమ్మ దుకాణానికే వచ్చి నిలదీసింది.

"ఏం అవ్వా, పిల్లని దేవుణ్ణి ఎరగని అన్యురాలిగా పెంచుతావా?"

అవ్వ పెట్టెను పక్కన నిలబెట్టింది. "మా అమ్మాయి బాప్తిస్మం తీసుకోకుండా పోయింది కాబట్టి నరకంలో కాలుతోందని దాని బిడ్డకి చెప్పింది నువ్వు కాదూ? పసిదానికి జ్వరమొచ్చేసింది. తీర్పు తీర్చే పని దేవుడు నీకెప్పుడు అప్పజెప్పాడు తల్లీ? జరుగు, వెలుతురుకి అడ్డం."

టీచరమ్మ ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది. మర్నాటికి అవ్వ నోటిదురుసు కూడా వీధంతా పాకింది. పాకనిది ఒక్కటే. రోజూ సాయంత్రం ఆ పిల్ల ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుంటుంది. కాలరు రుద్దుతూ అవ్వ ప్రార్థనలో ఒక మాట చెబుతుంది, చొక్కా చేతుల దగ్గరికి వచ్చేసరికి పిల్ల దాన్ని తిరిగి చెబుతుంది. మడత పెట్టాక, ఇద్దరూ ఆ పిల్ల తల్లి పేరు చెప్పి ఆమేన్ అంటారు.