తలుపు తీసి చెప్పే లెక్కలు

భూములు పోయాక కొన్నాళ్లు ఒక ప్రైవేటు బడిలో పనిచేశాను. అదీ మానేసి ఇప్పుడు నారాయణఖేడ్‌లో మా ముందరి గదిలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి ఇల్లు గడుపుతున్నాను. మొన్న జూన్‌లో కల్హేర్ నుంచి ఒకతను కూతుర్ని తీసుకొచ్చాడు. వాళ్ల నాయన ఒకప్పుడు మా ఇంట్లో జీతగాడు. ఇతను మాత్రం నేను కూర్చోమనకముందే కుర్చీలో కూర్చున్నాడు.

"ముందుగాల పనిచేసిన బడి ఎందుకు ఇడిసిపెట్టినవ్ సారూ? గాడ అడిగే వచ్చిన. నీ నోటితోని గూడ ఇందామని."

నాకు ఒళ్లు మండింది. "నేను ఎవరింటివాణ్నో తెలుసా? మా తాత పేరు చెప్తే ఈ తాలూకాలో ఇంకో మాట అడగరు."

"ఎర్కే. గా పేరు ఇంటే మా నాయన ఇంట్ల ఆడోళ్లను దాసెటోడు. గందుకే అడుగుతున్న."

పొమ్మనేవాణ్నే. కానీ అతను పోతే కల్హేర్ పిల్లలంతా పోతారు. జీతం సరిగ్గా ఇవ్వక సతాయిస్తే మానేశానని పళ్లు బిగించి చెప్పాను.

"గదే చెప్పిన్రు గా బడిల సార్లు గూడ. ఇగ పాఠం చెప్పేటప్పుడు తలుపు తీసే ఉంచాలె. మా ఇంటామె అరుగు మీద కూసుంటది."

ఆమె రోజూ వస్తుంది. చిక్కుడుకాయలు తుంచుకుంటూ నన్నే చూస్తుంది. అతను వస్తే ఇప్పటికీ చాయ్ తాగమనను. తలుపు మాత్రం ఏ రోజూ మూయలేదు.