అక్క మెట్టెలు ఎందుకు తీసేది

పెళ్లయినవాళ్లు చదువుకోరని, చదువుకునేవాళ్లకు పెళ్లి కాదని నా చిన్నప్పుడు గట్టిగా నమ్మేదాన్ని. కరీంనగర్‌లో మా ఇంటి చుట్టుపక్కల నేను చూసినంత వరకు అట్లాగే ఉండేది. మెడలో పుస్తెలు పడితే పుస్తకాలు అటక మీదికి పోయేవి. అందుకే మా వెనక గదిలోకి ఒక కొత్త జంట కిరాయికి దిగి, ఇద్దరమూ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నామని చెప్పినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వాళ్లను మొగుడూ పెళ్లాల్లో కలపాలో, బడికి పోయే పిల్లల్లో కలపాలో తేలక చాలా రోజులు తిప్పలు పడ్డాను.

ఆమెను అక్క అన్నాను, ఆయనను అన్న అన్నాను. మా వైపు తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ అరుగు మీద నలుగురు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుట్టేది. నా పిలుపులు విని వాళ్లంతా పడీ పడీ నవ్వారు. అక్క మొగుడు బావ అవుతాడు గానీ అన్న ఎట్లా అవుతాడే అని. కానీ మూతి మీద మీసం కూడా సరిగా రాని మనిషిని బావా అనడానికి నాకు నోరు రాలేదు. వాళ్లిద్దరూ కూడా ఏమీ అనుకోలేదు. ఆ వరస అట్లాగే ఉండిపోయింది.

వాళ్ల ఇంట్లో నాకు వింతగా తోచనిది లేదు. పొద్దున్నే బోరింగు దగ్గర బిందెతో అన్న నిలబడేవాడు. ఒకరోజు అక్క వండితే ఒకరోజు అన్న వండేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే కెమిస్ట్రీ పుస్తకం ఉండేది. దాన్ని బ్లేడుతో నడుమకు కోసి, రెండు ముక్కలనూ అట్టలేసి కుట్టుకున్నారు. మొదటి సగం ఒకరు చదువుతుంటే రెండో సగం ఒకరు చదివేవారు. "నువ్వు సాల్ట్ తప్పు జెప్పినవ్" అని ఒకనాడు అక్క గట్టిగా అంటుంటే, కూరలో ఉప్పు ఎక్కువైందేమో, దానికి ఇంత కొట్లాటా అని నేను భయపడ్డాను. అది ల్యాబులో గుర్తుపట్టవలసిన ఏదో పొడి గురించి అని చాలా కాలానికి గానీ తెలియలేదు. మరునిమిషంలో ఇద్దరూ నవ్వుకుంటూ కనిపించారు. మా బాపు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసి ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. ఆయనా అవ్వా కొట్లాడుకుంటే రెండు పూటలు మాటలుండేవి కావు. వీళ్ల కొట్లాట ఏ రకందో నాకు అంతుబట్టలేదు.

కాలేజీకి ఒకే సైకిల్ మీద పోయేవారు. కానీ కాలేజీ ఇంకా వంద గజాలుందనగా అక్క దిగిపోయేది. ఆమె ముందు నడిచేది. ఆయన కాసేపు ఆగి, ఎవరో పరాయివాడిలాగా సైకిల్ తొక్కుకుంటూ ఆమెను దాటిపోయేవాడు. నా బడి ఆ తోవలోనే కాబట్టి ఇది రోజూ చూసేదాన్ని. ఇంట్లో ఒకే పళ్లెంలో తినేవాళ్లు రోడ్డు మీద ముఖాలు ఎందుకు తిప్పుకుంటారో ఎంత ఆలోచించినా తెలిసేది కాదు.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టినవి మెట్టెలు. కాలేజీకి బయలుదేరే ముందు అక్క గడప మీద కూర్చుని కాళ్ల మెట్టెలు తీసి, పౌడరు డబ్బా మూతలో పెట్టి, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, దీపం పెట్టే ముందు మళ్లీ తొడుక్కునేది. మొగుడు ఉన్న ఆడది మెట్టెలు తీయదని అరుగు మీది మాటల్లో వందసార్లు విన్నాను. మరి ఈమె తీస్తోంది. ఆయన పక్కనే నిలబడి సైకిల్‌కు గాలి కొట్టుకుంటున్నాడు. ఇద్దరిలో ఎవరికీ దిగులు లేదు. ఎవరినైనా అడుగుదామంటే ఎందుకో సిగ్గుగా ఉండేది.

ఆ రోజు మాకు ఒంటిపూట బడి. అవ్వ చుట్టిన బీడీలు తీసుకుని కార్ఖానాకు పోయింది. నేను ఒక్కదాన్నే అరుగు మీద గచ్చకాయలాడుతుంటే పొడుగ్గా, బక్కగా ఉన్న ఒక పెద్దావిడ గుడ్డసంచీ చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. అన్న వాళ్ల తల్లినని చెప్పింది. తెల్లారకముందే ఇచ్చోడలో బస్సెక్కి, నిర్మల్‌లో మారి, ఇంత ప్రొద్దుకు చేరిందట. నేను మంచినీళ్లిచ్చాను. చెంబు పక్కన పెట్టుకుని నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మా కోడలు ఎట్లుంటది బిడ్డా? మంచిగుంటదా?" అని అడిగింది.

అంత పెద్దావిడ నన్ను పనిగట్టుకుని అడుగుతుంటే నాకు గొప్పగా అనిపించింది. అక్క మంచిదన్నాను. అన్న కూడా మంచోడన్నాను. అన్న బాగా వండుతాడని, బట్టలు పిండుతాడని చెప్పాను. ఆమె ముఖం కొంచెం మారింది. ఎందుకో నాకు తెలియలేదు. కాలేజీ దగ్గర ఇద్దరూ మాట్లాడుకోరని చెప్పాను. చివరికి, ఇన్నాళ్లు లోపల దాచుకున్నది అడిగేవాళ్లు దొరికారన్న సంతోషంతో, "అక్క కాలేజీకి పోయేటప్పుడు మెట్టెలు తీసి పెడ్తది" అన్నాను.

"రోజూ తీస్తదా?"

"రోజూ."

ఆమె లేచింది. నేనిచ్చిన నీళ్లు కూడా తాగలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక గది మెట్టు మీద రెండు గంటలు కదలకుండా కూర్చుంది. నేను చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఏదో పగలగొట్టినట్టు అనిపించింది. ఏం పగిలిందో మాత్రం తెలియదు.

నాలుగు దాటాక సైకిల్ గంట వినబడింది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చారు. ఆమెను చూసి అక్క కొంగు సర్దుకుని వంగబోయింది.

"సామాన్లు సర్దుకో," అంది ఆమె. "ఆఖరు బస్సుకు పోదాం. సదివింది సాలు."

అన్న బిత్తరపోయాడు. "ఏమైందవ్వా?" అన్నాడు.

"ఏం గావాల్రా? బట్టలు పిండుకుంట బతుకుతున్నవంట గద. అది ఊకుందాం. నువ్వు బతికుంటనే ఇది మెట్టెలు తీస్తుందంట. ఎవలకు పెండ్లి కాలేదని జెప్పనీకి తీస్తుంది?"

అక్క తలెత్తి ముందు నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే నాకు ఇంకా భయం కలిగించింది. అప్పటికి అవ్వ కూడా కార్ఖానా నుంచి వచ్చి గోడ పక్కన నిలబడిపోయింది.

అన్న ఏదో చెప్పబోతే అక్క ఆపింది. గడప మీద కూర్చుని కుడికాలి బూటు విప్పింది. లోపల గుడ్డపీలిక చుట్టి ఉంది. అది కూడా విప్పింది. మెట్టె ఉండే వేలు, దాని పక్క వేలు కాలి, తోలు లేచి, ఎర్రగా ఉన్నాయి. ఒకచోట పచ్చిగా తడి కనిపించింది. నేను ఇన్నాళ్లు కిటికీలోంచి మెట్టెలు తీయడం చూశాను గానీ ఆ వేళ్లను ఎప్పుడూ చూడలేదు.

ల్యాబులో సీసా జారి కాలి మీద యాసిడ్ పడిందట. రెండు నెలలైందట. అప్పటి నుంచి బూట్లు లేనిదే ల్యాబులోకి రానివ్వడం లేదట. బూటులో మెట్టె ఆ పుండును ఒరుసుకునేది. బూట్లు ఇరుకుగా ఉండి ఎడమకాలిది కూడా తీసేదట.

"తియ్యమన్నది నేనేనవ్వా," అన్నాడు అన్న. "నొప్పి తగ్గేదాంక అసలే పెట్టుకోకంటే ఇనది. పొద్దుమూకంగ మళ్ల పెట్టుకుంటది."

"రెండు నెలలాయె. నాకెందుకు జెప్పలే?"

అక్క గుడ్డపీలిక చేతిలో నలుపుకుంది. తర్వాత నేల చూస్తూ, "జెప్తే సదువు బంద్ జేపిస్తరని బుగులైంది అత్తమ్మా," అంది.

ఆ మాటకు ఆమె ఏమంటుందోనని అందరం చూశాం. ఆమె లేచి లోపలికి పోయి కొబ్బరినూనె సీసా వెతికి తెచ్చుకుంది. కోడలి ఎదురుగా కింద కూర్చుంది. "కాలు ఇటు పెట్టు" అంది.

"అత్తమ్మా, వద్దు. పాపం తగుల్తది."

"పెట్టు అంటున్న."

అత్త కోడలి కాలు తన ఒళ్లో పెట్టుకుని, పుండు చుట్టూ వేలికొసతో నూనె రాయడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. రాస్తూ రాస్తూ ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అక్క ఏడ్చింది. గోడ పక్కన మా అవ్వ కూడా కళ్లు తుడుచుకుంది. కాసేపటి కింద సామాన్లు సర్దుకోమన్నది ఈమెనేనా అని నేను ఒక్కొక్కరి ముఖం చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు బస్సెక్కుతారో, ఎక్కరో కూడా నాకు తెలియలేదు.

ఎక్కలేదు. ఆ పూట వండడం అన్న వంతు. వంకాయ కూర చేశాడు. వాళ్ల అవ్వ తిని కారం సాలలేదంది. మళ్లీ అన్నం పెట్టించుకుని తిన్నది.

మర్నాడు పొద్దున ఊరికి బయలుదేరే ముందు ఆమె పౌడరు డబ్బా మూతలోని మెట్టెలు తీసి తన కొంగున ముడివేసుకుంది. అక్క తెల్లబోయి చూస్తుంటే చెప్పింది: "ఇవి నా దగ్గరుంటయ్. మొత్తం మానినంక తొడుక్కుందువు. ఎవలన్న అడిగితే, సన్నగయినయ్, మా అత్త కొత్తయి చేపిస్తనని తీస్కపోయింది అను. మా ఊర్ల అడిగెటోళ్ల సంగతి నేను జూస్కుంట. నువ్వు ఫికర్ జెయ్యకు."

తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు గూడ గదే జెప్పు. జెప్పుడు నీకు బాగొస్తది గద," అంది. తిట్టిందో, నవ్వుతూ అన్నదో పోల్చుకోలేకపోయాను.

అనుకున్నట్టే ఆ సాయంత్రం అక్క కాలేజీ నుంచి రాగానే అరుగు మీది ఆడవాళ్లు ఆమె కాళ్లు చూడనే చూశారు. నేను ఆ మాటే చెప్పాను. "ఎంత మంచి అత్త దొరికిందే" అని మెచ్చుకున్నారు. నా తల తిరిగిపోయింది. నిన్న ఉన్నది ఉన్నట్టు చెబితే ఒక మనిషి చదువు పోబోయింది. ఇవాళ లేనిది చెబితే అందరూ బాగున్నారు. ఎప్పుడూ నిజమే చెప్పాలని బడిలో చెప్పింది తప్పా, ఇంట్లో జరిగింది తప్పా?

దీపాలు పెట్టాక వెనక గదికి పోయి, అక్క దగ్గర నిలబడి ఏడ్చాను. నేనే చెప్పానని, ఇంకెప్పుడూ చెప్పనని అన్నాను. అక్క పుస్తకం మూసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు జూసిందే జెప్పినవ్. అబద్ధం జెప్పలే," అంది. "గని రోజూ జూస్తున్నవ్ గద, ఎందుకు తీస్తున్నవక్కా అని నన్నొక్కమాట అడగకపోతివి? అడిగితే వేలు జూపిద్దును. అప్పుడు మా అత్తమ్మకు రెండూ జెప్తుంటివి."

అదేం పెద్ద మాటలాగా చెప్పలేదు. చెప్పి, నా చేతిలో రెండు బఠానీలు పెట్టి మళ్లీ చదువులో పడిపోయింది. వెంటనే నాకు ధైర్యం వచ్చి కాలేజీ ముందు సైకిల్ ఎందుకు దిగుతావని అడిగాను. క్లాసులో మగపిల్లలు జంట పేర్లు పెట్టి అరుస్తారని, ఒకసారి బోర్డు మీద కూడా రాశారని చెప్పింది. నెలల తరబడి నన్ను వేధించిన సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది. అడిగితే ఇంతేనా అనిపించింది.

వాళ్లు ఇంకో ఏడాదిన్నర మా ఇంట్లోనే ఉన్నారు. పుండు మానాక అక్క వాళ్ల అత్త నిజంగానే కొత్త మెట్టెలు చేయించి తెచ్చింది, కొంచెం వదులుగా. అక్క మొదటిసారికే డిగ్రీ పాసైంది. అన్నకు ఒక పేపరు మిగిలి, సెప్టెంబరులో గట్టెక్కాడు. ఆ తర్వాత నిర్మల్ వైపు వెళ్లిపోయారు. అక్కడ అక్క కెమిస్ట్రీ చెబుతోందని చాలా ఏళ్ల తర్వాత ఎవరో అంటే విన్నాను. మళ్లీ కలవలేదు.

కోడలి కాలు ఒళ్లో పెట్టుకుని ఆ పెద్దావిడ ఎందుకు ఏడ్చిందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. కాలినందుకో, దాచినందుకో, తనంటే అంత భయపడ్డారని తెలిసినందుకో. ఆమెను అడగవలసింది. అడగలేదు. ఇప్పుడు నేనూ అత్తనయ్యాను గానీ ఆ ఒక్క సంగతి అట్లాగే మిగిలిపోయింది.

ఒకరి ఇంటి గురించి మాట నా నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆ సాయంత్రం గుర్తుకొచ్చి ఆగుతాను. నా చిన్న కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో రోజూ మధ్యాహ్నం ఒక గంట తలుపేసుకుని కూర్చునేది. చుట్టాలు నన్ను గుచ్చి గుచ్చి అడిగారు. నేను వాళ్లకేమీ చెప్పలేదు. నేరుగా పోయి తలుపు తట్టి, ఎందుకు బిడ్డా అని అడిగాను. చెప్పింది. ఏం చెప్పిందో మాత్రం మీకు చెప్పను.