దక్షిణపు గాలి, ఎర్లిండా మాట

రోడ్లు లేని బేని మైదానాల్లో ఏ పశువుల ఎస్టేటు రేడియో విన్నా పొద్దున్నే ఒకటే మాట: "ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు, రండి." వాన పడుతున్నా అదే మాట. నిజం చెబితే విమానం ముందు పక్క ఎస్టేటుకు పోతుంది. ఇక్కడ కోసిన మాంసం చెడుతుంది, ఉప్పూ మందులూ రావు. పైలట్లకూ ఇది తెలుసు. "కాస్త మబ్బు" అంటే కుండపోత అని వాళ్లు అర్థం చేసుకుంటారు. సాన్ హసింతో ఎస్టేటులో ఇరవై ఏళ్లుగా ఆ మాట చెబుతున్నది ఎర్లిండా నోసా. మనిషి పొట్టి, గొంతు పెద్దది.

పోయిన ఏడాది ఇంకో ఎస్టేటులో "గాలి లేదు" అంటే నమ్మి దిగిన విమానం పక్కగాలికి తిరగబడింది. పైలట్ బతకలేదు. అతని స్నేహితుడు ఎవెర్ మెలెండ్రెస్ సాన్ హసింతోకి విమానం నడుపుతాడు. యజమాని డాన్ రోమెర్‌తో అతను తెగేసి చెప్పాడు: గాలి కొలిచే యంత్రం పెట్టేదాకా మీ దగ్గర దిగను.

డాన్ రోమెర్ శాంతాక్రూజ్ పట్నం నుంచి రెండు యంత్రాలు పంపాడు. వాడి చూసి ఒకటి ఉంచుకోమన్నాడు. రెండూ ఇళ్లలో పెట్టుకునే చిన్నరకమే. ఒకదాని అంకెలు రేడియో గదిలోని తెర మీద కనిపిస్తాయి. రెండోది ఎస్టేటులోని ఇంటర్నెట్ పట్టుకుని నేరుగా పైలట్ ఫోన్‌కే పంపుతుంది. ఎర్లిండా మొదటిది బిగించమంది.

"రెండోదే మంచిది కదత్తా," అన్నాడు అల్లుడు ఎర్లాన్, విమానం దిగే స్ట్రిప్ అంచున గుంత తవ్వుతూ.

"దానికీ నోరుంది, నాకూ ఉంది. ఒక ఇంట్లో రెండు నోళ్లెందుకు?"

"ఉన్న ఒక్కటే పది నోళ్ల పెట్టు."

"ముందు ఆ స్తంభం నిటారుగా నిలబెట్టు. నువ్వు కట్టిన కంచెలాగా ఒరగనీకు."

మే నెలలో, మైదానం ఇంకా నీళ్లలో ఉండగానే, ఎర్లిండా కూతురు, ఎర్లాన్ భార్య యానెత్‌కి నెలలు నిండకముందే రక్తం పోవడం మొదలైంది. ట్రినిడాడ్ పట్నంలోని ఆసుపత్రికి ట్రాక్టర్‌లో అయితే రెండు రోజులు. ఎర్లిండా మైకు అందుకుంది.

"వస్తాను," అన్నాడు ఎవెర్. "ముందు తెర చూసి చెప్పండి డోనా ఎర్లిండా. గాలి ఎంత?"

పొద్దుటి ఉక్క తగ్గి దక్షిణాన నల్లటి గీత లేచింది. తెర మీద దక్షిణపు గాలి వేగం గంటకు పద్దెనిమిది నాటికల్ మైళ్లు, విసురు ఇరవై నాలుగు. స్ట్రిప్ తూర్పు పడమరలుగా ఉంది. పక్కనుంచి ఇరవై దాటితే దిగనని ఎవెర్ ముందే చెప్పి ఉన్నాడు.

"ఎనిమిది," అంది ఎర్లిండా. "తేటగా ఉంది."

"నిజంగా ఎనిమిదేనా?"

"తెర మీద ఉన్నదే చెబుతున్నా కెప్టెన్."

అతను బయల్దేరాడు. పక్కగదిలో యానెత్ ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఎర్లిండా తెర దగ్గరికీ మంచం దగ్గరికీ తిరుగుతూనే ఉంది. విసురు ఇరవై ఆరు అయింది. పైకప్పు రేకులు కొట్టుకోవడం మొదలయ్యేసరికి ముప్పై ఒకటి. ఆమె చెయ్యి మైకు మీదికి పోవడం చూసి ఎర్లాన్ అడ్డొచ్చాడు.

"చెప్పకత్తా! చెబితే ఇప్పుడే వెనక్కి తిప్పేస్తాడు. వచ్చాక పైనుంచి ఆయనే చూసుకుంటాడు."

"చూసుకోలేక కూలితే? వాడూ పోతాడు, ఇదీ పోతుంది." ఆమె మైకు నొక్కింది. "ఎవెర్, విను. ఎనిమిది కాదు. అబద్ధం చెప్పాను. అప్పుడే విసురు ఇరవై నాలుగుంది. ఇప్పుడు ముప్పై ఒకటి, సరిగ్గా పక్కనుంచి."

రేడియోలో ఎవెర్ విరుచుకుపడ్డాడు.

"నీ నోరు పడిపోను, ముసలీ!"

"తర్వాత తిట్టు. దారి చెప్పు."

"మీ దగ్గర్లోని కొరాలితోస్ స్ట్రిప్ ఉత్తర దక్షిణాలుగా ఉంది. గాలికి ఎదురుగా దిగొచ్చు. అమ్మాయిని అక్కడికి తేగలరా?"

"ట్రాక్టర్ మీద తెస్తాం. గంట పడుతుంది."

"గంట ఆగుతాను. అంతకన్నా..."

"ఆగు. దారంతా నీళ్లున్నాయి. గంటన్నర అనుకో."

"సరే. బయల్దేరండి."

ట్రాక్టర్ వెనక ట్రైలర్‌లో పరుపు వేశారు. నీళ్లు ఇరుసుల్ని తాకుతున్నాయి. చలివాన ఏటవాలుగా కొట్టింది. యానెత్ తల ఎర్లిండా ఒడిలో ఉంది.

"వచ్చేశామా అమ్మా?"

"లేదు. సగం కూడా రాలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకో."

కొరాలితోస్‌లో విమానం రెక్కల్ని కంచె గుంజలకు కట్టేసి ఎవెర్ నిలబడి ఉన్నాడు. ఎర్లిండా వైపు చూడలేదు. యానెత్‌ని ఎర్లాన్‌తో కలిసి లోపల పడుకోబెట్టాడు. ఎర్లాన్ కూడా ఎక్కాక ఇంకొకరికి చోటు లేదు. విమానం గాలికి ఎదురుగా లేచి మబ్బులో కలిసేదాకా ఎర్లిండా అక్కడే నిలబడింది.

సాయంత్రం ట్రినిడాడ్ నుంచి రేడియోలో ఎర్లాన్ పలికాడు. యానెత్ బతికింది. బిడ్డ దక్కలేదు. కాస్త ముందు వచ్చి ఉంటే ఏమోనని డాక్టరమ్మ అందట. ఆ "కాస్త" తన "ఎనిమిది" మాటతోనే పోయిందని ఎర్లిండాకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ వారంలోనే డాన్ రోమెర్ రేడియోలోకి వచ్చాడు. "ఏ యంత్రం ఉంచుకుంటావమ్మా? బిగించిందే కదా?"

"కాదయ్యా. పైలట్‌కి నేరుగా చెప్పేది."

"మరి ఇక నీకేం పని ఉంటుంది?"

"విమానం రాదని తెలియగానే ట్రాక్టర్ బయల్దేరదీసే పని."