బీడీల చాట పక్కన ఇంగ్లీషు

ఎల్లారెడ్డిలో బీడీలు చేసే రుక్మాబాయికి నలభై మూడేళ్ల వయసులో పదో తరగతి పాసవ్వాలన్న పట్టుదల పుట్టింది. చిన్నప్పుడు ఏడో తరగతితోనే బడి మానిపించారు. ఆ వెలితి ఇన్నేళ్లయినా పోలేదు. ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుని, ఆదివారం ఆదివారం బస్సెక్కి కామారెడ్డికి క్లాసులకు పోసాగింది.

లెక్కలు నోటిమీదే తేల్చేసేది. ఇంగ్లీషు దగ్గరే చిక్కొచ్చింది. టీచరు అనిల ఏమడిగినా ఒకటే జవాబు: "యెస్, ఐ డూ."

ఒకరోజు అనిల కిటికీలోంచి చూపిస్తూ, "ఈజ్ ఇట్ రెయినింగ్?" అంది.

"యెస్, ఐ డూ."

క్లాసంతా నవ్వింది. సంగతి తెలిశాక రుక్మాబాయి ఇంకా ఎక్కువ నవ్వింది. "వాన నేనే కురిపిస్తున్నట్టు చెప్పిన గద మేడం."

అనిల బోర్డు మీద 'ఈజ్' చుట్టూ సున్నా చుట్టింది. "అక్కా, ప్రశ్న ఏ చిన్న మాటతోని మొదలైతదో, జవాబు గదే మాటతోని ముగియాలె. ఈజ్ అంటే ఈజ్, డిడ్ అంటే డిడ్. ఎవరి గురించి అడిగిన్రో వాళ్లు నడుమ వస్తరు. 'ఆర్ యూ' అంటే మాత్రం 'ఐ యామ్'. అది వేరేగ యాది పెట్టుకో."

మర్నాటి నుంచి వాకిట్లో ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్లందరికీ అదే ఆట అయింది.

"లక్ష్మీనర్సమ్మా, డూ యూ లైక్ చాయ్?"

"యెస్, ఐ డూ."

"కెన్ మై హస్బెండ్ కుక్?"

"నో, హీ కాంట్," అన్నారు అందరూ ఒక్క గొంతుతో. లోపల్నుంచి రుక్మాబాయి భర్త బాలరాజు, "నా ముచ్చటేందో నడుస్తున్నది," అన్నాడు.

చలికాలంలో బీడీ కార్మికులకు వైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మది ఢిల్లీ, తెలుగు రాదు. ఆమె మాటలు తెలుగులోకి మార్చి చెప్పాల్సిన మనిషి రాలేదు. ఆడవాళ్లు వెనక్కి తగ్గుతుంటే రుక్మాబాయి ముందుకెళ్లి కూర్చుంది.

డాక్టరమ్మ ఆమె వేళ్లు మడిచి చూసింది. "డూ యువర్ ఫింగర్స్ హర్ట్?"

'ఐ డూ' నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అడిగింది తన గురించి కాదు, వేళ్ల గురించి.

"యెస్, దే డూ."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "డిడ్ యూ సీ ఎ డాక్టర్?"

"నో, ఐ డిడింట్."

డాక్టరమ్మ పక్కన ఇంకో కుర్చీ వేయించింది. ఆ కుర్చీలో కూర్చుని రుక్మాబాయి ఒక్కొక్కరినీ తెలుగులో అడిగి, వాళ్ల జవాబులు ఇంగ్లీషులో అప్పజెప్పింది. హీ, షీ, దే ఒకటి రెండుసార్లు తారుమారయ్యాయి గానీ మందులు మాత్రం సరిగ్గానే అందాయి.

వరుస అయిపోయేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా జవాబులే చెప్పిన రుక్మాబాయి, ఈసారి తానే అడిగింది. "మేడం, హ్యావ్ యూ ఈటెన్?"

"నో, ఐ హ్యావెంట్."

తన ప్రశ్న ఎదుటి మనిషికి అందింది, జవాబు తనకు అర్థమైంది. తర్వాత పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో యాభై ఎనిమిది మార్కులు వచ్చిన రోజు కూడా ఆమెకు అంత సంతోషం కలగలేదు. టిఫిన్ డబ్బా విప్పి, రెండు జొన్నరొట్టెల మీద పప్పు వేసి, డాక్టరమ్మ చేతిలో పెట్టింది.