బూబమ్మ తోలు బిళ్ళలు

ఆటోనగర్‌లోని మా షెడ్డులో క్రేన్లకు కట్టే నైలాన్ బెల్టులు కుడతాం. కొస పీచు లేవకుండా వేడి కత్తితో కోస్తుంటే మాడువాసన లేస్తుంది. ముప్ఫయ్యేళ్ళుగా పీలుస్తున్నా అది నాకు అలవాటు కాలేదు. పట్టీ అనగానే నా ముక్కు ఇప్పటికీ మైనం రాసిన నూలు వాసనను వెతుక్కుంటుంది. దాని వెనకే పాతపట్నంలో మా పక్కవాటా బూబమ్మ వరండా కళ్ళముందుకొస్తుంది.

బూబమ్మకు మగ్గం లేదు. పడుగు దారాల ఒక కొసను కిటికీ ఊచకు, ఇంకో కొసను తన నడుముకు కట్టుకుని, నాలుగు మూలలా చిల్లులున్న చదరపు తోలు బిళ్ళలను, చిల్లుకో దారం పోసినవాటిని, పేకముక్కల్లా దొంతరగా పట్టుకుని, అన్నిటినీ కలిపి పావుచుట్టు తిప్పి, అడ్డదారం దూర్చి, చెక్కతో బిగించేది. అలా తిప్పగా తిప్పగా వేలెడు వెడల్పు పట్టీ మీద ఎర్రపూలు విచ్చుకునేవి. ఈ నేతను వాళ్ళమ్మ రంగూన్‌లో పొరుగింటి బర్మా ఆవిడ దగ్గర నేర్చుకుందట. అక్కడ ఇలాంటి పట్టీల్లో అక్షరాలు నేసి పవిత్ర గ్రంథాలకు చుట్టేవారట. బూబమ్మ ఖురాను మీది గుడ్డకు చుట్టడానికీ, పెళ్ళికూతుళ్ళ సల్వార్లకు బొందులుగానూ నేసేది. మా అమ్మ భారతం పుస్తకానికీ ఒకటి నేసిచ్చింది. హార్బరులో పనిచేసే బూబమ్మ భర్త ఒకసారి ఎవరో చలిదేశపు నావికుడి నడుం పట్టీలో అచ్చం ఇదే మెలిక చూశానని వచ్చి చెబితే, "ఆళ్ళమ్మకి మా అమ్మే నేర్పుంటాది" అని నవ్వింది.

రంజాన్ నెల సాయంత్రాలు ఆ వరండాలోకి రేవుగాలితో పాటు ఎండుచేపల వాసన, లోపల నేతిలో వేగుతున్న సేమ్యా వాసన కలిసి వచ్చేవి. నాకంటే ఆరేళ్ళు పెద్దదైన నూరక్క, బూబమ్మ కూతురు, పండగ వెళ్ళగానే తానూ నేత మొదలుపెట్టాలని ఆశగా తల్లి చేతులే చూస్తూ కూర్చునేది. నేను దగ్గరకు జరిగితే మాత్రం, "ముట్టుకున్నావంటే నీ సెవి కూడా ఇందులో ఏసి నేసెత్తాను" అనేది బూబమ్మ.

ఒక సాయంత్రం ఆమె బిళ్ళలకు కొత్త దారాలు ఎక్కించి, నేత మొదలుపెట్టకముందే నడుముకట్టు విప్పి నమాజుకు వెళ్ళింది. నేను నడిమి బిళ్ళ ఒకదాన్ని వెనక్కి తిరగేశాను. అడుగుల చప్పుడు వినబడగానే అలాగే వదిలేశాను. మర్నాడు జానెడు నేశాక గాని ఆమె చూడలేదు. ప్రతి పువ్వులోనూ ఒక రేక ఎదురు తిరిగి ఉంది. ఏ బిళ్ళ ఎటు మొహంగా ఉండాలో దారాలు పోసేటప్పుడే తేలిపోతుంది కనక, తప్పు తనదే అనుకుంది.

"నా కళ్ళే పోనాయే నూరూ. ఎక్కించినప్పుడే తిరగేసి ఎక్కించీసేను."

"ఒక్క బిళ్ళకేటమ్మీ? మల్లీ ఎక్కించు."

"ఇయ్యాల ఒకటి. రేపో?"

ఆ మాటలప్పుడు నేను పక్కనే సేమ్యా గిన్నెతో కూర్చుని ఉన్నాను. ఆమె నన్ను అనుమానించనే లేదు. అది నాకు హాయిగా తోచింది, నోరు మెదపలేదు. నెల తిరక్కుండానే ఆమె నేత మానేసింది, బిళ్ళలు పెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఆ తరవాత కూడా ఆమె ప్రతి పండక్కీ నా గిన్నెలో ఇంకో గరిటె వేస్తూనే వచ్చింది, నేను తింటూనే వచ్చాను.

బూబమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పోయిన రంజాన్‌కు, ఇప్పుడు తల నెరిసిన నూరక్క ఇంటికి వెళ్ళి, ఆ బిళ్ళ తిరగేసింది నేనేనని చెప్పేశాను.

"నేర్పమ్మీ అని ఎన్నిసార్లు బతిమాలినానో తెలుసా తమ్ముడూ? కళ్ళు లేనిదాన్ని, తప్పు నేర్పెత్తానే అనీది. సివరిదాకా ఖురాను సదివిందిరా, కళ్ళజోడు లేకండా."

పాతపట్నంలో ఇప్పుడు సల్వార్లకు ఎలాస్టిక్కు వేస్తున్నారు. ఆ బిళ్ళలు తిప్పడం తెలిసిన మనిషి, నాకు తెలిసి, ఊళ్ళో ఒక్కరూ లేరు. పోనీలే అంటుందేమోనని ఆ రోజు నేను చాలాసేపు కూర్చున్నాను. నూరక్క అనలేదు.